ఇంకొకరు దట్టించిన తుపాకి

లేవి ఆ సాయంత్రం చావాల్సింది. చావలేదంటే అందులో అతని తెలివేమీ లేదు. గజం మీదున్న గీత కాపాడింది.

మూతి వైపు నుంచి మందు పోసి, సీసపు గుండు వేసి, ఇనప కడ్డీతో దట్టించి పేల్చే పాతకాలపు తుపాకి అది. ఆ కడ్డీనే ఆ ఇంట్లో గజం అంటారు. లోపల సరిగ్గా ఒక విడత మందూ గుండూ ఉంటే, గజం మీద చెక్కిన గీత గొట్టం మూతి దగ్గరికి వచ్చి ఆగుతుంది. లేవి మందు పోశాడు, గుండు వేశాడు, దట్టించాడు. గీత మూతికి నాలుగు వేళ్ళ పైనే ఆగిపోయింది.

గుండు మధ్యలో ఇరుక్కుందేమో అనుకుని ఇంకా గట్టిగా పొడిచాడు. కదల్లేదు. అప్పుడు అర్థమైంది. తను పోయకముందే అందులో ఎవరో మందు పోసి, గుండు దట్టించి ఉన్నారు. దాని మీద తను ఇంకో విడత పోశాడు. అట్లాగే భుజానికి ఆనించి పేల్చి ఉంటే గొట్టం పగిలి మొహంలోకి వచ్చేది. ఊళ్ళో మేకలు కాసే మహానంది కుడి చేతికి రెండు వేళ్ళు లేవు. ఒక కన్ను తెల్లగా ఉంటుంది. అతనూ అట్లాగే రెండు విడతలు పోసినవాడే.

విచిత్రమేమిటంటే, ఆ పొద్దున తుపాకిని కొండవైపు పేల్చి ఖాళీ చేసి, వేడినీళ్ళతో కడిగి, నూనె రాసి గోడకు తగిలించింది లేవే.

లేవిది రాజంపేటకు ఎగువన, కొండ కింద రాళ్లచెలిమ. ఒకప్పుడు అక్కడ మిషన్ దొర ఉండేవాడు. చర్చి కట్టించాడు, బడి పెట్టాడు, కొండల్లో వేటాడాడు, జ్వరం వచ్చి అక్కడే పోయాడు. ఆయన గుర్రాన్ని చూసుకున్నది లేవి ముత్తాత. గుర్రం ఎవరో తోలుకుపోయారు. తుపాకి మాత్రం ఈ ఇంట్లో మిగిలింది. పంట కాపలాకని లైసెన్సు ఉంది. అది ముత్తాత నుంచి తాతకు, తాత నుంచి నాయన దేవసహాయానికి వచ్చింది. దేవసహాయం చనిపోయాక కాగితాలు మారేదాకా తుపాకి పోలీసు స్టేషన్లో మూలన పడి ఉండి, ఈ వేసవికే మళ్ళీ ఇల్లు చేరింది.

నాయన లేవికి ఏదీ చేతబట్టి నేర్పలేదు. చూసి నేర్చుకోమనేవాడు. చూసే వయసులో లేవి ఇంట్లో లేడు. పది తప్పాడు, కొన్నాళ్ళు నాపరాళ్ళ ట్రాక్టరు తోలాడు, ఆనక ఊళ్ళో సగంమంది మొగవాళ్ళ లాగే కువైట్ పోయాడు. అక్కడ ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. పెళ్ళికొకసారి, బిడ్డ పుట్టినప్పుడొకసారి, నాయన చనిపోయినప్పుడొకసారి వచ్చాడు. ఆ మూడోసారి వచ్చినవాడు మళ్ళీ పోలేదు. తల వెంట్రుకలు తెల్లబడ్డాయి, ఇంక ఎవడి కారూ తుడవనన్నాడు. కొండంచునున్న ఎకరన్నరలో గెనసగడ్డ, అదే చిలగడదుంప, వేశాడు. గెనసగడ్డంటే అడవిపందులకు పెళ్ళిభోజనం. మడిలో ఒక మూల అప్పటికే దున్నినట్టు అయిపోయింది. ఈ పంట కూడా పందుల పాలైతే చేను ఎవరికైనా అప్పజెప్పి మళ్ళీ కువైట్ బండెక్కాల్సిందే. ఆ మాట భార్య ప్రేమజ్యోతికి తెలుసు. తెలిసి కూడా ఇద్దరూ పైకి అనుకోలేదు.

కాబట్టి తుపాకి పేలాలి. పేలి, తగలాలి. తగలడమే లేవికి చేతకాలేదు.

దొర తుపాకి మామూలు నాటు తుపాకి కాదు. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. దానికి సరిపడే గుండు వేస్తేనే తిన్నగా పోతుంది. లేవి రాజంపేటలో పాత బ్యాటరీల సీసం కొని, వెల్డింగు షాపులో చేయించిన అచ్చులో గుండ్లు పోశాడు. ఆ సీసం గట్టిది, గాడులకు అతకదు. అచ్చేమో ఒక పిసరు చిన్నది. వదులు పోవడానికని కువైట్ దుప్పటి చింపి, ఆ నీలం గుడ్డ గుండుకు మందంగా చుట్టేవాడు. మందు కొలిచేది అత్తరు సీసా మూతతో. గుండు తగలకపోతే ఇంకాస్త పోసేవాడు. ఆక్సిలరేటరు తొక్కితే బండి పోతుందన్న లెక్కే అన్నిటికీ వేసే మనిషి. తుపాకి భుజం వాచేలా తన్నేది, పొగ కమ్మేది, పందులు నాలుగడుగులు పరిగెత్తి మళ్ళీ వచ్చేవి.

ఆ సాయంత్రం లేవి చెట్టు కింద కూర్చుని, గజం చివర తిరుగుడు మొల బిగించి, లోపలిదంతా బయటికి లాగాడు. ముందు తన నీలం గుడ్డ, తన గుండు, తన మందు వచ్చాయి. వాటి కింద రెండోది వచ్చింది. తెల్ల గుడ్డ, అంచున సన్నని ఆకుపచ్చ దారం. గుండు నున్నగా ఉంది. బొటనవేలి గోరు నొక్కితే గాటు పడింది. అంత మెత్తని సీసం లేవి దగ్గర లేదు.

వంటింట్లోకి పోయి అడిగాడు.

"ఏమే, తుపాకి ఏమన్నా ముట్టుకున్న్యావా?"

"నాకేం పని లేదా? నీ తుపాకి ముట్టుకునేదానికి నా చేతులేమన్నా దురద పెడతాండాయా?" అంది ప్రేమజ్యోతి.

"ఎవురో మందు పోసినారు."

"నువ్వే పోసి మర్సిపోయింటావు. నిన్న కండ్లద్దాలు నెత్తిన పెట్టుకోని ఇల్లంతా ఎతికినోడివి నువ్వే గదా."

"మరి ఇదేంది?" అని గుడ్డ చూపించాడు.

ప్రేమజ్యోతి చేతులు తుడుచుకుని గుడ్డ అందుకుంది. ఆకుపచ్చ దారం మీద వేలు పెట్టి ఆగిపోయింది. ఆ అంచు పంచెలు ఉతికి ఉతికి ఆమె చేతులకు అలవాటు. మామ కట్టుకునేవి అవే.

"దీన్ని ఇంట్లో పెట్టొద్దు. యాడన్నా దూరంగా పారేసి రా" అంది, గొంతు తగ్గించి.

బిడ్డ పెళ్ళయి పోయాక ఇంట్లో మూడో మనిషి లేవి తల్లి రత్నమణి. మొగుడు పోయినప్పటినుంచి ఆమె మాట తగ్గింది, మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది. పగలంతా వసారాలో నాపరాతి అరుగు మీద కూర్చుని పాత కీర్తనల్లో ఒక చరణమే గొణుగుతూ ఉంటుంది. టీ గ్లాసు పట్టుకుంటే సగం చీర మీద పోతుంది, చేతులకు అంత వణుకు. ఆమెను అక్కడే కూర్చోబెట్టి బయటికి పోయి, అడిగినవాళ్ళకు "ఇంట్లో ఎవురూ లేరు, తలుపు దగ్గరికేసి వచ్చినాం" అని చెప్పడం భార్యాభర్తలిద్దరికీ అలవాటైపోయింది.

మర్నాడు లేవి తుపాకి కడిగి, గొట్టంలోకి ఊది, ఖాళీ అని రూఢి చేసుకుని తగిలించాడు. చేనికి పోయి పొద్దువాలే వేళకు వచ్చి గజం దించాడు. గీత సరిగ్గా మూతి దగ్గర ఆగింది. ఒక విడత మందు, ఒక గుండు. తనవి కావు.

దాన్ని బయటికి లాగడానికి చెయ్యి రాలేదు. తుపాకి తీసుకుని కొండ మొదటికి పోయాడు. ఒక బండ మీద సున్నంతో చుక్క పెట్టి, గుర్రమనే తుపాకి సుత్తిని వెనక్కి ఎక్కదీసి, మొహం పక్కకు తిప్పుకుని మీట నొక్కాడు. భుజం మీద ఎవరో చెయ్యి వేసినట్టు తట్టింది, అంతే. సున్నపు చుక్క లేదు. తర్వాత తన పద్ధతిలో మందు పోసి మళ్ళీ పేల్చాడు. గుండు ఏ దిక్కు పోయిందో దేవుడికి తెలుసు.

ఇక్కడే లేవి చేసిన తప్పుంది. భయపడాల్సిన మనిషి అలవాటు పడ్డాడు. పొద్దున కడిగి తగిలిస్తాడు, సాయంత్రానికి దట్టించి ఉంటుంది. డబ్బాలో మందు కొంచెం కొంచెం తరుగుతోంది. టోపీలని అతను పిలిచే రాగి మూతలను మాత్రం ఎవరూ ముట్టడం లేదు. నిప్పు పుట్టించేవి అవే. అంటే, పోసేవాళ్ళు పోస్తున్నారు, పేల్చే పని అతనికే వదిలేస్తున్నారు. పందులు ఒకటి రెండుసార్లు మడి దాకా వచ్చి, పక్కనున్న రాయి ముక్కలవడం చూసి వెనక్కి పోయాయి. ప్రేమజ్యోతికి ఈ సంగతి అతను చెప్పలేదు.

అయితే ఆమెకు తెలిసిపోయింది. ఒక పొద్దున ఊడుస్తూ ఊడుస్తూ గోడవారన ఆకుపచ్చ అంచు గుడ్డ ముక్క ఏరింది.

"ఎన్నాళ్ళనుంచీ జరుగుతాండాది ఇది?"

లేవి గుడ్డ ముక్క అందుకుని జేబులో పెట్టుకున్నాడు.

"సచ్చిపోయినోళ్ళు పోసిన మందు నువ్వు పేలుస్తాండావు. నేను చెప్తాండా చూడు. రేపటికి ఆ తుపాకి టేసన్లో ఇచ్చేసి వచ్చినావా సరి. లేకుంటే మా అమ్మోళ్ళింటికి పోతా. నువ్వూ మీ నాయనా కలిసి వండుకోని తినండి."

"ఇచ్చేస్తే గడ్డలెవురు కాస్తారే?"

"మొగుడు లేని ఇంట్లో గడ్డలు నాకెందుకప్పా?"

ఆ మాట తగిలింది. లేవికి ఒక ఉపాయం తోచింది. ఉపాయమంటే అతనికి తోచినదే, ఇంకెవరైనా నవ్వుతారు. తనే పొద్దున మందూ గుండూ దట్టించి తగిలిస్తే, నిండిన గొట్టంలో ఇంకెవరు ఏం పోస్తారు? అత్తరు మూతతో అంచుదాకా తలకొట్టుగా పోశాడు, నీలం గుడ్డ చుట్టిన గుండు కూరాడు, ఏసు పటం కింద కొయ్యలకు తగిలించాడు. ప్రేమజ్యోతి చర్చికి పోయింది. లేవి చేనికని బయల్దేరి, చేను దాటి, చర్చి వెనక గోరీల దొడ్డికి పోయాడు. ఆ మెత్తని సీసం సంగతి తేల్చుకోవాలి.

మెత్తని సీసం రాళ్లచెలిమలో ఒక్కచోటే ఉంటుందని అతనికి చిన్నప్పటినుంచి తెలుసు. దొర గోరీ మీద కడప నల్లబండ పరిచారు. పేరూ, ఊరూ, వాక్యమూ చెక్కి, ఆ గాడుల్లో సీసం పోసి సమానం చేశారు. దేవసహాయం సీసం అయిపోయినప్పుడల్లా అక్కడికి వచ్చి ఒక అక్షరం పెకలించుకుపోయేవాడు. ఊరికే కాదు. చెంబెడు నీళ్ళు బండ మీద పోసి, అడిగి, అప్పుడు తీసుకునేవాడు. తాత కూడా అట్లాగే చేసేవాడట. "ఆయన తుపాకికి ఆయన సీసమే కావల్లరా. అడిగితే కాదనడు" అన్న ఒక్క మాట నాయన నోట విన్నాడు లేవి.

ఎండ నడినెత్తిన ఉంది. గాలి లేదు. కాకి కూడా అరవడం లేదు. గోరీల మధ్య ఎండిన గడ్డి కాళ్ళకింద పెళపెళమంటోంది. ఆ చప్పుడు తనదే అని తెలిసినా లేవి రెండుసార్లు వెనక్కి చూశాడు.

బండ మీద అక్షరాలు దాదాపు లేవు. ఎక్కడికక్కడ ఖాళీ గాడులు, లోపల దుమ్ము, చీమలు. అయితే కింది వరసలో రెండు గాడులు తళతళ మెరుస్తున్నాయి. అంచుల్లో కొత్త గీరలు. లేవి వంగి చెయ్యి పెట్టబోయి వెనక్కి లాక్కున్నాడు.

బండ తడిగా ఉంది.

ఆ ఎండకు చెంబెడు నీళ్ళు ఎంతసేపు ఆగుతాయి? అతను చూస్తుండగానే తడి అంచులు లోపలికి ముడుచుకుపోతున్నాయి. ఇప్పుడే, ఈ గడ్డిలోనే, ఎవరో నిలబడి నీళ్ళు పోసి, అడిగి, తీసుకుని పోయారు.

లేవి దొడ్డి బయటికి నడిచాడు. గోడ నీడన మహానంది కూర్చుని ఉన్నాడు. మేకలు అతని చుట్టూ ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి.

"ఏం అల్లుడా, మొగం తెల్లకాగితం మాదిరి ఉండాది?"

"మామా, లోపలికి ఎవురన్నా పోయినారా?"

"మనిషయితే పోయినారని చెప్తా. మద్యాన్నమయితే ఎవురో రాయి గీకుతాంటారు. కిర్రు కిర్రుమని. నాకు ఒంటి కన్ను గదా, అంత దూరం ఆనదు. మేకలు మాత్రం ఆ పక్కకు పోవు. మీ నాయన ఉన్నప్పుడూ ఇదే చప్పుడు."

"నువ్వు పోయి చూల్లేదా?"

"చూసి ఏం చేయాలప్పా? ఉన్న కన్ను చాలు నాకు." మహానంది నవ్వి, వేళ్ళు లేని చెయ్యి గోక్కున్నాడు. "అవునూ, తుపాకి భుజాన లేదే? యాడ పెట్టినావు?"

"ఇంట్లో ఉండాది. మందు పెట్టే ఉంచినా. ఇంగ ఎవురూ పొయ్యకుండా."

మహానంది నవ్వు ఆగిపోయింది. వేళ్ళు లేని చెయ్యి ఎత్తి లేవి మొహం ముందు పట్టాడు.

"నాకూ నా తమ్ముడే పోసి పెట్టినాడు. నేను మల్లా పోసినా. నిండిన కుండ చూస్తే తెలుస్తాది గానీ, నిండిన గొట్టం చూస్తే తెలుస్తాదేమప్పా?"

లేవి పరిగెత్తాడు. యాభై దాటాక అతను అట్లా పరిగెత్తింది లేదు. తన మందు మీద వాళ్ళు ఇంకో విడత పోస్తే? ఈ సాయంత్రం తను చూసుకోకుండా పేలిస్తే? అసలు పేల్చేదాకా ఎందుకు, ఆ తలకొట్టు మందు మీద ఇనప గజంతో గట్టిగా పొడిస్తే? ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. ఆ రోజు మొదటిసారి, ఇంట్లో ఎవరూ లేరని కాకుండా, అమ్మ ఉందని గుర్తొచ్చింది.

వసారాలో అరుగు మీద అమ్మ లేదు. తలుపు దగ్గరికేసి ఉంది. లోపల మాటలు వినబడుతున్నాయి. లేవి కిటికీ దగ్గరికి పోయాడు.

రత్నమణి నేల మీద, తుపాకిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కాళ్ళకు ఎర్రమట్టి. చీర కుచ్చెళ్ళు తడి. గజాన్ని గొట్టంలోకి మెల్లగా దించి, గీత చూసి, పక్కకు తల తిప్పి నవ్వింది. పక్కన ఎవరూ లేరు. గోడవారన దేవసహాయం కూర్చునే పీట మాత్రం ఉంది.

"చూసినావాప్పా నీ కొడుకును? పోసి పెట్టినాడు." కొంచెంసేపు ఆగింది, అవతలివాళ్ళ మాట వింటున్నట్టు. "ఆఁ, అదే నేనూ అంటాండా. శానా ఎక్కువ పోస్తాడు. ఎంత పోస్తే అంత మొగోడననుకుంటాడు."

మళ్ళీ ఆగింది. మళ్ళీ నవ్వింది. పెళ్ళయిన కొత్తలో ఆడవాళ్ళు నవ్వే నవ్వు.

గజం చివర మొల బిగించి, లేవి వేసిన నీలం గుడ్డనూ గుండునూ లాగి పక్కన పెట్టింది. తుపాకి తలకిందులు చేసి మందు పాత పళ్ళెంలోకి రాల్చింది. టీ గ్లాసు పట్టలేని చేతులు వణకడం లేదు. ఒక్క పలుకు కింద పడలేదు. అప్పుడు రొండి నుంచి ఒక చిన్న గుడ్డసంచి తీసి విప్పింది. అందులో పాత ఇనప అచ్చు, నాలుగైదు గుండ్లు, అప్పుడే పెకలించిన సీసం తునకలు ఉన్నాయి. ఒక గుండును పళ్ళతో నొక్కి చూసి, అరచేతిలో పెట్టుకుని, పీట వైపు చాచింది.

"ఇదేనా?"

ఎదురుచూసింది. కిటికీ బయట లేవి కూడా ఎదురుచూశాడు.

"కాదా? సరేలేప్పా."

ఆ గుండును పక్కన పడేసి ఇంకొకటి చాచింది. అదీ కాదన్నారు. మూడోదానికి తల ఊపి, పంచె చింపిన గుడ్డలో చుట్టింది. అరచేతి గుంటలో మందు పోసుకుని, వేలితో కాస్త తీసి మళ్ళీ డబ్బాలో వేసి, మిగతాది గొట్టంలోకి వంచింది. దట్టించింది. గీత మూతి దగ్గర ఆగింది.

లేవికి అప్పుడు తెలిసింది. నాయన జీవితమంతా పేల్చాడు గానీ ఎప్పుడూ దట్టించలేదు. దట్టించింది ఈమె. దట్టించేముందు గజం దించి చూసుకోవడం ఈమె ఒక్కరోజు కూడా మరవలేదు. చూసుకోకుండా పోసింది తనే. ఈ ఇంట్లో గొట్టం పగలగొట్టగల మనిషి ఎవరైనా ఉంటే అది తనే.

తలుపు నెట్టి లోపలికి వచ్చాడు. రత్నమణి తలెత్తి చూసింది.

"వచ్చినావురా? నీకోసమే చూస్తాండాడు" అంది. ఆమె కొడుకును గుర్తుపట్టి చాలా కాలమైంది. తుపాకి అతని చేతిలో పెట్టి, గోడ పట్టుకుని వణుకుతూ లేచి, వసారాలోకి పోయి అరుగు మీద కూర్చుంది. కీర్తనలో ఆ ఒక్క చరణం మళ్ళీ మొదలైంది.

కాదని పడేసిన గుండ్లు రెండూ నేల మీద ఉన్నాయి. పైకి ఏ తేడా లేదు. నున్నగా, గుండ్రంగా, ఏరుకున్నదానికి తోబుట్టువుల్లా ఉన్నాయి. లేవి కొడవలి తెచ్చి ఒకదాన్ని రెండుగా కోశాడు. మధ్యలో జొన్నగింజంత బోలు. అట్లాంటిది తిన్నగా పోదు. రెండోది కోశాడు. దానిలోనూ బోలే. సంచి దగ్గరికి చెయ్యి పోయింది, మిగతావి కూడా కోసి చూద్దామని. చూడలేదు. అమ్మకు పళ్ళతో తెలిసి ఉండొచ్చు, బరువుతో తెలిసి ఉండొచ్చు. అట్లా అనుకోవడానికి వీలుంది. కానీ పళ్ళతో నొక్కాక కూడా ఆమె అడిగింది గదా, జవాబు వచ్చేదాకా ఆగింది గదా.

మధ్యాహ్నం ప్రేమజ్యోతి వచ్చాక చూసిందంతా చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

"మా అత్తకు మతి లేదు, సరే. నీకూ లేదా? ఆమె పోసింది పేలుస్తానంటావు?"

"నేను పోసింది పేల్చినప్పుడు నువ్వెందుకు ఏడవలేదే? సావాల్సింది దాంతోనే."

ప్రేమజ్యోతి వసారాలో అత్త వైపు చూసింది. లోపల గోడవారన పీట వైపు చూసింది. పీటను కాస్త పక్కకు జరుపుదామని వంగి, ఎందుకో జరపకుండానే లేచింది.

"పొయ్యి రా. మీ ఇష్టం. మీ అందరి ఇష్టం" అంది.

పొద్దు కొండ మీదికి వాలే వేళకు లేవి చేనిలో మంచె ఎక్కాడు. గజం దించి చూసుకోవాలని చెయ్యి రెండుసార్లు పోయింది. అమ్మ చూసింది చాలనుకున్నాడు. టోపీ పెట్టి, గుర్రం సగం ఎక్కదీసి కూర్చున్నాడు. గెనసతీగల మీద ఎర్రటి వెలుగు పడింది. కొండవైపు తుప్పలు కదిలాయి. ముందు పెద్ద మగపంది వచ్చింది, దాని వెనక మిగతావి. అది మడి గట్టు మీద నిలబడి ముట్టె ఎత్తి వాసన చూసింది. లేవికి గురి కుదరలేదు. అంతలో మంచె ఒకవైపు కొంచెం ఒరిగింది, పక్కన ఇంకో మనిషి సర్దుకుని కూర్చున్నట్టు. అతను తల తిప్పలేదు. గురి కుదిరింది. మీట నొక్కాడు.

భుజం మీద ఒక తట్టు. పొగ విడిపోయేసరికి పంది గట్టు మీదే ఒరిగి ఉంది. మిగతావి కొండలోకి పోయిన దారిలో తుప్పలు ఇంకా ఊగుతున్నాయి. గెనసమడి మీద ఒక్క ముట్టె గుర్తు పడలేదు.

ఆ రాత్రంతా మంచె దిగలేదు. ఇంకో పంది రాలేదు. తెల్లవారి ఇల్లు చేరేసరికి ప్రేమజ్యోతి పొయ్యి దగ్గర ఉంది. మంచం మీద పండుకోవాల్సిన రత్నమణి అప్పటికే లేచి, అరుగు మీద రెండు పళ్ళేలు పెట్టి, రెండింట్లో సంగటి ముద్దలు పెట్టుకుని కూర్చుని ఉంది. ఒక పళ్ళెం కొడుకు ముందుకు తోసింది. రెండోదాని మీద ఈగ వాలకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇద్దురూ పోయినారు గదా. ఆయన యాడ?"

ఇంతకుముందు ఎన్నోసార్లు అడిగింది ఈ మాట. అడిగినప్పుడల్లా లేవి "సచ్చిపోయినాడు గదమ్మా" అని మొహాన కొట్టినట్టు చెప్పేవాడు. నిజం చెప్పడమే మంచిదని అతని లెక్క. ఈసారి తుపాకి గోడకు ఆనించి, పళ్ళెం ముందు కూర్చున్నాడు.

"వస్తాండాడుమ్మా. కాళ్ళు కడుక్కుంటాండాడు."

రత్నమణి తల ఊపింది. పొయ్యి దగ్గర ప్రేమజ్యోతి గరిటె ఆపి మొగుడి వైపు చూసింది.

ఇంటి వెనక తొట్టి దగ్గర చెంబు ముంచిన చప్పుడయింది. తర్వాత బండ మీద నీళ్ళు పడ్డ చప్పుడు. ముగ్గురూ విన్నారు. లేవి సంగటి ముద్ద విరిచి పులుసులో అద్దుకున్నాడు. ప్రేమజ్యోతి ఏమీ అనకుండా వచ్చి, రెండో పళ్ళెంలో కూడా పులుసు పోసి పోయింది.